నీటిధారతో కంప్యూటరును చల్లబరచుట
— ఇంట చేసికొనదగిన జలపేటిక, దాని వెనుకనున్న లెక్క —



కంప్యూటరులో ప్రాసెసరు అను చిన్న పలక కలదు. లెక్కలన్నియు చేయునది అదియే. పని పెరిగినకొలది అది వేడెక్కును. వేడి హద్దు మీరినచో తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము ఆగిపోవును. సాధారణముగా ఈ వేడిని పంకాగాలి తీసికొనిపోవును. గాలికి బదులు నీటిని వాడు పద్ధతియు కలదు. అందు ప్రాసెసరుపై ఒక చిన్న లోహపు పెట్టె కూర్చుండును. దానిగుండ నీరు ప్రవహించును. ఆ పెట్టెను వాటర్ బ్లాక్ అందురు. మనము దానిని జలపేటిక యని పిలుచుకొందము.

జలపేటికలలో ఒక తెగ విశేషమైనది. అందు నీరు పలకపై ప్రక్కగా పారదు. సన్నని రంధ్రములనుండి ధారలుగా వెడలి పలకను సూటిగా కొట్టును. దీనికి జెట్ ఇంపింజిమెంటు అని పేరు. తెలుగున ధారాఘాతము అనవచ్చును. ఇట్టి పేటికను ఇంటివద్ద ఎట్లు రూపొందింపవచ్చునో, దాని కొలతలు ఏ లెక్కనుండి వచ్చునో ఈ పాఠములో తెలిసికొందము.

ఇది భౌతికశాస్త్రపు సంగతి కదా, తెలుగు ఉపాధ్యాయునకేల యని తల్లిదండ్రులు కొందరు అడుగవచ్చును. మన పిల్లలు పైతరగతులలో ఈ శాస్త్రమును మరియొక భాషలో చదువబోవుచున్నారు. అచ్చట మాటలు మారునేకాని నీటి స్వభావము మారదు. ఇచ్చట తన భాషలో కారణమును గ్రహించిన విద్యార్థి అచ్చట క్రొత్త మాటను మాత్రము నేర్చుకొనిన చాలును. కారణము తెలియనివాడు మాటను, కారణమును రెంటిని ఒక్కసారి మోయవలసివచ్చును.

1. చిక్కు ఎక్కడ నున్నది?

మొదట వేడి యెంతయో చూతము. ఇంటనున్న ఇస్త్రీపెట్టె 1000 వాట్లదనుకొనుడు. దాని అడుగు వైశాల్యము ఇంచుమించు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరునుండి 5 వాట్ల వేడి వెలువడును. ప్రాసెసరు 100 వాట్లదే కావచ్చును. కాని దానిలో వేడి పుట్టు సిలికాను ముక్క 1.5 చదరపు సెంటీమీటర్లే యైనచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరునుండి 67 వాట్లు వెలువడవలెను. ఇస్త్రీపెట్టెకన్న ఇది పదమూడు రెట్లు. వేడి మొత్తము కొంచెమే. అది ఇరుకు చోట పుట్టుటయే కష్టము. అందుచేత ఆ ముక్కపై రాగి పలకనో, లోహపు కప్పునో ఉంచి వేడిని కొంత వెడల్పునకు పరపింతురు.

ఇక నీటి సంగతి. నిమిషమునకు 3 లీటర్ల నీటిని పంపుదుమనుకొనుడు. అనగా సెకండునకు 50 గ్రాములు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.19 జౌళ్లు కావలెను. కావున ఆ 50 గ్రాములు ఒక డిగ్రీ పెరుగుటకు ఇంచుమించు 210 జౌళ్లు పట్టును. ప్రాసెసరు ఇచ్చునది సెకండునకు 100 జౌళ్లే. కనుక పేటికనుండి వెడలు నీరు ప్రవేశించిన నీటికన్న అర డిగ్రీ మాత్రమే వేడిగా నుండును.

ఇచ్చట ఆగి ఆలోచింపుడు. నీరు అర డిగ్రీయే వేడెక్కినది. ఆ నీరు తగులుచున్న రాగిపలక మాత్రము దానికన్న పది, పదునెనిమిది డిగ్రీలు వేడిగా నుండవచ్చును. ఈ తేడా ఎక్కడనుండి వచ్చినది? నీరు చాలలేదనుటకు వీలులేదు. నిమిషమునకు 6 లీటర్లు పంపినచో నీటి వేడిమిలో మిగులునది పావు డిగ్రీయే. కావున అడ్డు నీటి పరిమాణములో లేదు. అది రాగికిని నీటికిని నడుమ నున్నది.

2. గోడనంటిన నీటిపొర

పాలగిన్నెను చల్లార్చుటకు నీళ్లపళ్లెములో పెట్టుదురు కదా. నీటిని కదలింపకున్నచో గిన్నె చుట్టునున్న నీరు వెచ్చబడి అచ్చటనే నిలుచును; పళ్లెపు అంచునందలి నీరు చల్లగానే యుండును. చేతితో ఒకసారి కలిపినచో పాలు త్వరగా ఆరును. నీరు క్రొత్తగా పోయలేదు. ఉన్న నీరే గిన్నెను చేరినది. అంతే భేదము.

ప్రవహించు నీటిలోను ఇట్టి నిలుకడ పొర యుండును. నీరు గోడప్రక్క పారునప్పుడు గోడను తాకియున్న నీరు కదలదు. దానిపై నున్నది మెల్లగా కదలును. ఇంకను పైనున్నది వేగముగా పోవును. ఈ పలుచని పొరను గూర్చి లుడ్విగ్ ప్రాంట్‌ల్ అను జర్మను శాస్త్రవేత్త 1904లో హైడెల్‌బర్గ్ నగరమున గణితశాస్త్రజ్ఞుల మహాసభలో వివరించెను. దీనికి సరిహద్దు పొర యని పేరు.

వేడి ఈ పొరగుండ వహనముచేతనే పోవలెను. నీరు వేడిని వహించుటలో మిక్కిలి మందకొడి. వేడిని వహించు శక్తి రాగికి 400 యైనచో నీటికి 0.6 మాత్రమే; అనగా రాగి ఇంచుమించు 670 రెట్లు మేలు. దీనినుండి ఒక వింత తేలును. పదియవ వంతు మిల్లీమీటరు మందముగల నిలువ నీటిపొర, వేడిని అడ్డుటలో 6.7 సెంటీమీటర్ల రాగిదిమ్మెకు సమానము! పేటిక అడుగుపలకను మూడు మిల్లీమీటర్లు చేయుదమా, నాలుగు చేయుదమా యని వాదించుకొనువారు కంటికి కనబడని ఆ నీటిపొరను మరచుట తగదు.

లెక్కించి చూతము. వేడి 100 వాట్లు. అది రాగిపలకలో 3 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు చోటునకు పరచుకొన్నదనుకొందము. పొర మందము 0.1 మి.మీ. ఐనచో పొరకు ఇరువైపుల ఉష్ణోగ్రతలో తేడా 18.5 డిగ్రీలగును. పొరను 0.02 మి.మీ.కు పలుచబరచినచో తేడా 3.7 డిగ్రీలే. అదే నీరు, అదే రాగి, అదే వేడి. పొర పలుచనగుటచేతనే పదునైదు డిగ్రీలు కలిసివచ్చినవి. జలపేటికను రూపొందించుట యనగా ఈ పొరను పలుచబరచుటయే.

3. ధార యేమి చేయును?

పొలమునుండి వచ్చినవారి కాళ్లకు బురద అంటియుండును. కాలిని తొట్టిలో ముంచి యుంచినచో బురద వదలుటకు చాలసేపు పట్టును. చెంబుతో పైనుండి ధారగా పోసినచో ధార పడినచోట బురద వెంటనే తొలగును. ధార గోడను సూటిగా కొట్టి, ఆ చోటనుండి నలుదిక్కులకు చీలి పరుగెత్తును. కొట్టినచోట నిలుకడ పొర దట్టమగుటకు వ్యవధి యుండదు. ధారనుండి దూరమైనకొలది పొర మరల మందమగును. అందుచేత ఒక్క ధార చాలదు. పెక్కు ధారలను దగ్గరదగ్గరగా అమర్చవలెను.

పొర మందమును గూర్చి ఒక స్థూలమైన నియమము గుర్తుంచుకొనుడు. ధార వేగము నాలుగు రెట్లైనచో పొర సగమగును. ధార వ్యాసము నాలుగవ వంతైనచో కూడ పొర సగమగును. కావున సన్నని వేగవంతమైన ధారలే మేలని తోచును. కాని వాటికి వెల యొకటి కలదు. దానిని ముందు చెప్పుదుము.

ఈ విద్య ఆటవస్తువులకు పరిమితమైనది కాదు. 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున టకర్‌మన్, పీస్ అను ఇద్దరు, సిలికానులోనే వెండ్రుకవలె సన్నని కాలువలు చెక్కి నీరు పారించి, చదరపు సెంటీమీటరునకు 790 వాట్ల వేడిని తీసివేయవచ్చునని చూపిరి. వారిది కాలువల మార్గము. ధారల మార్గమున బెల్జియము దేశములోని ఐమెక్ అను పరిశోధనసంస్థ 2018లో ముప్పరిమాణ ముద్రణతో చేసిన ప్లాస్టిక్కు శీతలకమును ప్రకటించెను. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలయందు 2022లో ప్రపంచమున మొదటి స్థానము పొందిన ఫ్రాంటియర్ అను మహాగణనయంత్రమును చల్లబరచునదియు నీరే. పరికరములు పెద్దవైనను, చిన్నవైనను అడ్డు ఆ పొరయే.

4. రంధ్రముల లెక్క

ఇప్పుడు మన పేటిక కొలతలకు వత్తము. నడుమ ఒక రంధ్రము, దాని చుట్టు ఆరు, వాని చుట్టు పండ్రెండు. మొత్తము 19 రంధ్రములు తేనెపట్టు గదులవలె అమర్చుదము. ఒక్కొక్క రంధ్రమునకు ప్రక్కదానికి దూరము 6 మి.మీ. అప్పుడు 19 ధారలును కలిసి 3 సెం.మీ. మేర చోటును కప్పును. వ్యాసమెంత యుండవలెను? మూడు కొలతలను పోల్చి చూతము. మూడింటను ప్రవాహము నిమిషమునకు 3 లీటర్లే యనుకొందము.

వ్యాసము 2 మి.మీ. ఐనచో 19 రంధ్రముల మొత్తము వైశాల్యము సుమారు 60 చదరపు మి.మీ. ధార వేగము సెకండునకు 0.84 మీటరు. నీటిని ఆ రంధ్రములగుండ నెట్టుటకు 5 లేక 6 సెం.మీ. ఎత్తు నీటి ఒత్తిడి చాలును.

వ్యాసము 1 మి.మీ. ఐనచో వైశాల్యము సుమారు 15 చదరపు మి.మీ. వేగము సెకండునకు 3.35 మీటర్లు. రంధ్రపు అంచువద్ద కలుగు నష్టమును చేర్చి సుమారు 90 సెం.మీ. ఎత్తు ఒత్తిడి కావలెను.

వ్యాసము అర మి.మీ. ఐనచో వైశాల్యము 4 చదరపు మి.మీ.కు లోపే. వేగము సెకండునకు 13.4 మీటర్లు. కావలసిన ఒత్తిడి 14 మీటర్ల ఎత్తు! నాలుగంతస్తుల మేడపై తొట్టి కట్టినట్లే.

వ్యాసము సగమైనచో వైశాల్యము నాలుగవ వంతు. వేగము నాలుగు రెట్లు. ఒత్తిడి వేగపు వర్గముననుసరించును గనుక పదునారు రెట్లు. ఇప్పుడు లాభమును చూడుడు. 1 మి.మీ. రంధ్రములకు నీటిపొరవద్ద తేడా 3.7 డిగ్రీలు అనుకొంటిమి. పైనియమము ప్రకారము 2 మి.మీ. రంధ్రములకు అది సుమారు పదిన్నర డిగ్రీలగును, అర మి.మీ. రంధ్రములకు 1.3 డిగ్రీలగును. రెండు మిల్లీమీటర్లనుండి ఒకటికి దిగినచో ఏడు డిగ్రీల లాభము. దానికి వెల 85 సెం.మీ. ఒత్తిడి. ఒకటినుండి అరకు దిగినచో లాభము రెండున్నర డిగ్రీలు. వెల 13 మీటర్లు. మొదటి బేరము చేయదగినది, రెండవది కాదు. మన కొలత 1 మి.మీ. అని ఈ విధముగా నిర్ణయమైనది. ఒకరు చెప్పినందున కాదు, లెక్క చెప్పినందున.

పంపు కొనునప్పుడు ఒక మాట తెలిసియుండవలెను. పెట్టెపై ఇంత ఎత్తు, ఇన్ని లీటర్లు అని రెండు అంకెలు వ్రాసియుండును. ఆ యెత్తు నీరు కదలకయున్నప్పటిది. ఆ లీటర్లు అడ్డేమియు లేనప్పటివి. రెండును ఒక్కసారి దొరకవు. కావున 90 సెం.మీ. కావలసినచోట 1 మీటరు పంపు చాలదు. గొట్టములు, రేడియేటరు కూడ అడ్డే కనుక 3 మీటర్లకు తక్కువ కాని 12 వోల్టుల పంపును ఎంచుకొనవలెను. గదిలోని ఎయిర్ కూలరు పంపు 230 వోల్టులది, నీట మునిగియుండునది. విద్యార్థులు దానిని ఈ ప్రయోగమునకు వాడరాదు.

5. పేటిక నిర్మాణము

పేటికను ఐదు పొరలుగా కట్టవచ్చును. ఒక్కొక్క పొర 60 మి.మీ. చదరము. క్రిందనుండి వరుసగా:

మొదటిది రాగిపలక, 3 మి.మీ. మందము. ప్రాసెసరును తాకునది ఇదియే. అడుగు చదునుగా నుండుటకు గాజుపలకపై ఉప్పుకాగితమును పరచి, నీరు చిలుకరించి, రాగిని దానిపై నిదానముగా రుద్దవలెను.

రెండవది అక్రిలిక్ చట్రము, 2 మి.మీ. మందము, నడుమ 50 మి.మీ. వ్యాసముగల గుండ్రని ఖాళీ. ధారలు పడుటకును, వాడిన నీరు ప్రక్కలకు పోవుటకును ఇదియే చోటు. దీనికి పైన, క్రింద అర మిల్లీమీటరు రబ్బరుపొర వేసినచో రంధ్రములకు రాగికి దూరము 3 మి.మీ. అగును. రబ్బరు మందమును లెక్కలో కలుపుట మరువరాదు. ఈ దూరము మిక్కిలి తగ్గినచో నడిమి ధారల నీరు పోవుచు అంచు ధారలను ప్రక్కకు నెట్టివేయును; మిక్కిలి పెరిగినచో ధార దారిలోనే వేగము కోల్పోవును. ధార వ్యాసమునకు మూడు రెట్లు తగిన దూరము.

మూడవది ఇత్తడి ధారాఫలకము, 2 మి.మీ. మందము. 19 రంధ్రములు దీనిలోనే. ఇవికాక నడిమినుండి 21 మి.మీ. దూరమున కుడియెడమల 6 మి.మీ. రంధ్రములు రెండు, ఇవి వాడిన నీరు పైకి వచ్చు దారులు.

నాలుగవది అక్రిలిక్ గదిపలక, 10 మి.మీ. మందము, నడుమ 28 మి.మీ. గుండ్రని ఖాళీ. వచ్చిన నీరు మొదట ఈ గదిలో నిండి, తరువాత 19 రంధ్రములకు సమముగా పంచబడును. రెండు ప్రక్కదారులు దీనిలోను సాగును.

ఐదవది మూత, 8 మి.మీ. అక్రిలిక్. నడుమ నీరు ప్రవేశించు గొట్టపు మూతి. ప్రక్కల వెడలు మూతులు రెండు. వీటికి మరచుట్లు కోయుటను లేతు పనివారికి అప్పగించుట మంచిది.

ప్రతి రెండు పొరల నడుమ రబ్బరుపొర వేసి, నాలుగు మూలల బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. బోల్టు తలలు రాగిపలక అడుగున గుంటలలో దిగియుండవలెను.

1 మి.మీ. రంధ్రములు వేయునప్పుడు తొందర పనికిరాదు. గళ్లకాగితముపై కొలతలు గీసి, దానిని ఇత్తడిపై అంటించి, ప్రతి గుర్తువద్ద సెంటరుపంచితో చిన్న గుంట కొట్టవలెను. ఫలకము క్రింద చెక్కముక్క నుంచి, బిగించిపట్టి, డ్రిల్లును నిటారుగా దింపవలెను. తరువాత పెద్ద బిట్టును చేతితో మెల్లగా త్రిప్పి రంధ్రపు అంచునందలి పొక్కులను తీసివేయవలెను. పొక్కు మిగిలినచో ధార వంకరపోవును. ఫలకమును పేటికలో దాచకముందే ఒక బకెట్టుపై నిలిపి నీరు పంపి చూడుడు. పందొమ్మిది ధారలును నిటారుగా, ఒకే పొడవున పడుచున్నచో పని కుదిరినది.

ఇచ్చట దాగియుండు లోపము నొకదానిని చెప్పవలెను. నీరు పల్లమెరుగును అను సామెత ఉన్నది కదా. అది సులభమైన దారినే వెదకును. నాలుగవ పొరలో నడిమి గదికిని ప్రక్కదారికిని నడుమ గోడ 4 మి.మీ. మాత్రమే. అచ్చట రబ్బరు సరిగా నొక్కుకొననిచో నీరు రంధ్రములగుండ పోక, గదినుండి నేరుగా ప్రక్కదారిలోనికి జారిపోవును. బయట చుక్క కారదు. ప్రవాహము బాగుగనే యుండును. చల్లదనము మాత్రము రాదు. కారణము తెలియనివాడు పంపును మార్చును, రాగిని మార్చును, ధనము వ్యయపరచును. కారణము తెలిసినవాడు రబ్బరును సరిచేయును.

6. ఉష్ణోగ్రతల మెట్లు

పేటికయే సర్వమని భావింపరాదు. వేడి ప్రాసెసరునుండి గదిగాలికి చేరునప్పుడు మెట్లు మెట్లుగా దిగును. గది 35 డిగ్రీలనుకొనుడు. రేడియేటరు ద్వారా వేడి గాలిలోనికి పోవుటకు నీరు గదికన్న 6 డిగ్రీలు హెచ్చుగా నుండినదనుకొన్నచో నీరు 41. నీటిపొరవద్ద 3.7. రాగిపలకలో ఒక డిగ్రీకి లోపు. రాగికిని ప్రాసెసరునకును నడుమ పూసిన థర్మల్ పేస్టులో ఇంచుమించు ఒకటిన్నర. అప్పటికి 47 డిగ్రీలు. దానిపైన ప్రాసెసరు లోపలి మెట్టు కలదు. అది మన చేతిలో లేదు. వేడి 9 చదరపు సెంటీమీటర్లపై సమముగా పరచుకొన్నదని మనము భావించితిమి. నిజమునకు నడుమ వేడి యెక్కువగా నుండును గనుక నిజమైన అంకెలు కొంత పెరుగును.

ఈ మెట్లనుండి రెండు విషయములు తేలుచున్నవి. జలపేటిక ఎంత మంచిదైనను ప్రాసెసరును గదికన్న చల్లగా చేయజాలదు. నీటిపొర 18 డిగ్రీల మెట్టుగా నున్నంతవరకు దానిని తగ్గించుట లాభము. 4 డిగ్రీలకు దిగిన పిమ్మట రేడియేటరును, పేస్టును చూచుకొనుట లాభము. ఎప్పుడును పెద్ద మెట్టునే ముందు విరుగగొట్టవలెను.

7. పరీక్షించు విధము

పేటికను చేసిన వెంటనే కంప్యూటరుపై బిగింపరాదు. పలు ఇండ్లలో ఉండునది ఒక్క కంప్యూటరు. అది అన్నకు చదువు, తండ్రికి పని. అందుచేత మొదటి పరీక్ష కారుటను గూర్చియే. పేటికను, గొట్టములను, పంపును విడిగా పళ్లెములో నుంచి, క్రింద పొడికాగితము పరచి, ఇరువదినాలుగు గంటలు నీటిని త్రిప్పవలెను. కాగితముపై ఒక్క మచ్చ పడినను మరల విప్పి బిగింపవలెను.

రెండవది ప్రవాహ పరీక్ష. గొట్టపు కొనను లీటరు పాత్రలో వదలి గడియారము చూడుడు. 20 సెకండ్లలో నిండినచో నిమిషమునకు 3 లీటర్లు.

మూడవది వేడి పరీక్ష. 3 ఓముల, 100 వాట్లకు తట్టుకొను లోహపు తొడుగుగల రెసిస్టరును రాగిపలక అడుగున పేస్టుతో బిగించి 12 వోల్టులు ఇచ్చినచో 48 వాట్ల వేడి పుట్టును. నీరు త్రిప్పకుండ విద్యుత్తు ఇయ్యరాదు. రాగికి ఒక ఉష్ణమాపకము, నీటికి ఒకటి అమర్చి, అంకెలు నిలుకడకు వచ్చిన తరువాత తేడాను వ్రాసికొనుడు. ఆ తేడాను 48చే భాగించినచో వాటునకు ఎన్ని డిగ్రీలో తెలియును. తరువాత 19 రంధ్రముల ఫలకమునకు బదులు నడుమ 8 మి.మీ. రంధ్రము ఒక్కటిగల ఫలకమును ఉంచి మరల కొలువుడు. రెండు సమయములందును ప్రవాహమును గూడ వ్రాయుడు. ఏలనగా పెద్ద రంధ్రమునకు అడ్డు తక్కువ గనుక అదే పంపు ఎక్కువ నీటిని పంపును. అట్లు ఎక్కువ నీరు పంపియు పెద్ద రంధ్రము ఓడిపోయినచో, ఈ పాఠములో చెప్పినది మీ కన్నులతో మీరే చూచినవారగుదురు. ఓడిపోనిచో ఫలకమును విప్పి, పైన చెప్పిన దాగిన దారిని, మూసికొనిన రంధ్రములను వెదకుడు.

8. జాగ్రత్తలు

బోరుబావి నీరు వాడరాదు. దానిలోని సున్నపు లవణములు 1 మి.మీ. రంధ్రములను పూడ్చును. శుద్ధిచేసి ఆవిరినుండి పట్టిన నీటినే వాడవలెను. పంపునకు పేటికకు నడుమ సన్నని జల్లెడ యుండవలెను. శుద్ధజలము విద్యుత్తును అంతగా ప్రసరింపనీయదని ధైర్యము వలదు. దుమ్ము, లోహకణములు చేరిన పిమ్మట అదియు మామూలు నీరే.

రాగిపేటికకు అల్యూమినియము రేడియేటరును జతచేయరాదు. రెండు భిన్నలోహములు ఒకే నీటిలో కలిసినచో విద్యుద్ఘటమువలె పనిచేసి అల్యూమినియము తినివేయబడును. రాగి, ఇత్తడి రేడియేటరే తగినది. అక్రిలిక్‌ను స్పిరిటుతో తుడువరాదు. సన్నని బీటలు వారును. నీటిలో మంచుగడ్డలు వేయరాదు. పేటిక గదిగాలికన్న చల్లనైనచో దానిపై తేమ పట్టి విద్యుత్ పలకలపై కారును. కంప్యూటరు మూత తెరచుటకు ముందు విద్యుత్తును తీసివేసి, పెద్దవారి సమక్షమున మాత్రమే పనిచేయవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఇత్తడిముక్కపై పందొమ్మిది చుక్కలు పెట్టుకొని కూర్చున్నచో అది కాలహరణమని తలంపవలదు. ఆ చుక్క ఒక మిల్లీమీటరే ఎందులకు, రెండేల కాదు, అరయేల కాదు అని అడుగుడు. తెలుగులో జవాబు చెప్పగలిగినచో వాడు ఆ పాఠమును ఏ భాషలోనైనను చెప్పగలడు.

అభ్యాసము

1. నిమిషమునకు 3 లీటర్ల ప్రవాహములో 200 వాట్ల వేడి చేరినచో నీరు ఎన్ని డిగ్రీలు పెరుగును?

2. 1 మి.మీ. రంధ్రములు 19కి బదులు 37 వేసినచో, ప్రవాహము మారనప్పుడు, ధార వేగము ఎంత? ఒత్తిడి ఇంచుమించు ఎన్నవ వంతునకు తగ్గును?

3. 0.05 మి.మీ. నీటిపొర ఎంత మందముగల రాగికి సమానము?

4. పేటిక బయట కారుట లేదు, ప్రవాహము తగ్గలేదు, కాని రాగి వేడిగా నున్నది. మొదట దేనిని పరీక్షింతురు? కారణము వ్రాయుడు.